పురిటి చెట్లు

మొదటి చింతచెట్టు కూలినప్పుడు, రెక్కలు రాని కొంగపిల్లలు నేలమీద నోళ్ళు తెరిచి అరిచాయి. తల్లికొంగలు పైన గిరికీలు కొట్టాయి. కింద కంట్రాక్టరు వెంకటేశులు తాపీగా బీడీ ముట్టించాడు.

ధర్మవరం మగ్గాల అన్నలారా, చదువుకునే తమ్ముళ్ళారా, అది రెండో ప్రపంచ యుద్ధకాలం! పెట్రోలు లేక హిందూపురం బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. బొగ్గుకు చెట్లు కావాలి. చెట్లేమో భూస్వామి వీరభద్రయ్యవి. అమ్మేశాడు. బొగ్గుకు బేరమాడినవాడికి సిగ్గు మిగులుతుందా? చింతలు ఆయన నరికించాడు, చింత ఊరికి మిగిల్చాడు.

ఆ సాయంత్రం ఊరంతా చెరువుకట్ట మీద చేరింది.

"పట్టా ఆయప్పది. అడ్డం పోతే కౌలు పీకేస్తాడు. ఏం తిని బతకల్ల?" అన్నాడు కౌలురైతు ఎర్రప్ప.

"పట్టా ఆయప్పదైతే పిట్ట మనది!" మంత్రసాని చౌడమ్మ లేచింది. "ఏటేటా మనూరికి పురిటికొచ్చే బిడ్డలప్పా ఇవి! వీటి రెట్ట ఎరువేస్తేనే గదా నీ మడి పండేది? పురిటాలిని వాకిట్లోకి ఈడ్చి కొడతాంటే చూస్తా కూసుంటావా?"

"ఏం జేద్దామంటావు?"

"పురిటింటికి ఏం జేస్తాం? అదే."

తెల్లారేసరికి మిగిలిన చెట్ల చుట్టూ తాడు, తాడు నిండా వేపమండలు. ఆ ఊళ్ళల్లో గుమ్మానికి వేపమండ కనబడితే, పురుడు తీరేదాకా పరాయివాడు లోపలికి అడుగుపెట్టడు. తాడు వెనక ఆడవాళ్ళు కొంగులు బిగించి కూర్చున్నారు. కొంగలకు కొంగులే కోట!

ముదిగుబ్బ నుంచి వచ్చిన గొడ్డలి కూలీలు తాడు చూసి ఆగిపోయారు.

"ఏమబ్బా, నిలబడినారు? దాటండి!" కంట్రాక్టరు గద్దించాడు.

"పురిటిల్లు సామీ. మాకూ ఆడబిడ్డలుండారు," అన్నాడు కూలీల మేస్త్రీ ఈరన్న.

"కొంగకు పురుడేందిరా!"

"గూట్లో పిల్లలుంటే పురుడు గాక పెండ్లా?" అంది చౌడమ్మ. గుంపంతా పకపకా నవ్వింది. రాత్రంతా గుండెల్లో ఉన్న బెదురు ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

మధ్యాహ్నానికి వీరభద్రయ్య పోలీసులను తెచ్చాడు.

"ఈ తాడు కట్టినోళ్ళెవరు?" అని గద్దించాడు ఇన్స్పెక్టరు.

"నేను," అంది చౌడమ్మ.

"నేను గూడా!" అన్నాడు ఎర్రప్ప.

"నీ కౌలు పోయినట్టేరా!" వీరభద్రయ్య అరిచాడు.

"పోనీ దొరా. నీ మడి ఎవురు దున్నుతారో చూద్దాం. ఏమప్పా, ఎవురన్నా పోతారా?"

"పోము!" ఊరంతా ఒక్క గొంతయింది.

ఇద్దరినీ పెనుకొండ స్టేషనుకు తీసుకెళ్ళారు. తాడు విప్పిస్తామంటే వదిలేస్తానన్నాడు ఇన్స్పెక్టరు.

"పిల్లలు ఎగిరేదాకా విప్పేది ల్యా," అంది చౌడమ్మ. "మమ్మల్ని ఈడ పెట్టుకుంటే ఆడ తాడు కాసే మనుషులుండరనుకున్నావా?"

ఉన్నారు. తాడు వెనక, ఆడవాళ్ళ పక్కనే ముదిగుబ్బ కూలీలు బారులు తీరి కూర్చున్నారు. గొడ్డళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కంట్రాక్టరు వచ్చే దారివైపే చూస్తున్నారు.