కొత్త బయోస్, పాత పాకెట్టు

“పాకెట్టు మార్చావా?”

పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతూ మా ఆయన జెన్‌లుంగ్ నాతో అన్న మొదటి మాట అది. అప్పటికి నేను అత్తగారికి గంజి కాచాను, అమ్మాయికి మధ్యాహ్నం డబ్బా కట్టాను, వానకు తడిసిన బట్టలు మళ్ళీ పిండి ఆరేశాను, నది అవతల ఉన్న ఇంటి నుంచి స్కూటర్ మీద అతని వెనక కూర్చుని ఒళ్ళో సామాను పెట్టె పట్టుకుని వచ్చాను. వాటిలో దేని గురించీ అడగలేదు. అడిగే అవసరం ఏముంది? అవి అయిపోతాయి. అయిపోయేవి ఎవరి లెక్కలోకీ రావు. కానివే లెక్కకొస్తాయి.

మా తైపే కంప్యూటర్ మార్కెట్లో నడిచే ప్రతి యంత్రం నెత్తిన కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి పాకెట్టు ఒకటి ఉండాలి. దాని పేరుకు అర్థమే ‘బుద్ధిగా ఉండు’ అని; అది ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుంది. ఆకుపచ్చదే కావాలి; పసుపుది పెడితే మొరాయిస్తుంది, ఎర్రది పెడితే చచ్చి ఊరుకుంటుంది. గడువు తేదీ దాటకూడదు. ఎవరూ విప్పి తినకూడదు. నిజంగా నమ్ముతారా అంటే అందరూ నవ్వుతారు. సరే తీసేయండి అంటే ఒక్కరూ తీయరు. నేనూ తీయను. నా బాధల్లా అది కొనడం, తేదీ చూడడం, మార్చడం నా పని ఎప్పుడైందన్నదే. పెళ్ళయిన కొత్తలో ఎవరో “ఎలాగూ కింది అంతస్తుకు వెళ్తున్నావుగా” అన్నారు, తెచ్చాను. మొదటిసారి అది సాయం. తర్వాత పని. ఇప్పుడు మరిచిపోతే తప్పు.

“నిన్న సాయంత్రమే మార్చాను,” అన్నాను. నిజమే చెప్పాను.

ఈ రోజు మధ్యాహ్నం పాన్ గారు వస్తారు. ఆయనకు కంప్యూటర్ ఆటల కేఫ్‌లున్నాయి, ఇంకొకటి తెరుస్తున్నారు. మేం కూర్చిన యంత్రాన్ని తన కళ్ళ ముందు గట్టిగా పరుగెత్తించి చూస్తారు. ఆగకుండా నడిస్తే కేఫ్ మొత్తానికీ మా దగ్గరే కొంటారు. జెన్‌లుంగ్‌కు ఈ రోజంటే అదే. నాకు ఇంకొకటి కూడా. నడవాకు అటువైపు కేబుళ్ళు అమ్మే తూ పిన్ని కొట్టు వదిలేస్తోంది. మొన్న నన్ను పిలిచి, “అమ్మాయ్, నువ్వు తీసుకుంటానంటే ఇంకెవరికీ ఇవ్వను. నువ్వు కాదంటే ఫోన్ తొడుగులవాడు తీసుకుంటాడు. ఎల్లుండి షట్టరు దించే లోపల చెప్పు,” అని ఇవాళ్టి దాకా గడువిచ్చింది. అడ్వాన్సుకు నా దగ్గరున్నది సరిపోతుంది. చూసుకోకుండా నేను ఆశపడను.

ఆ మాట ఆ రాత్రే భోజనాల దగ్గర అన్నాను. అత్తగారు చేప ముల్లు తీసుకుంటూ, “మొగుడి కొట్టు ఉండగా ఎదుటి కొట్టు దేనికే? చూసినవాళ్ళు కాపురం చెడిందనుకుంటారు,” అన్నారు. జెన్‌లుంగ్ అయితే సూటిగా అడిగాడు: “నువ్వు అక్కడ కూర్చుంటే ఇక్కడ వెనకపని ఎవరు చూస్తారు?” నాకు కొట్టు నడపడం రాదని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. అది నేను గమనించాను. మర్నాడు నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, మానుకున్నాననుకున్నారు.

వెనకపని అంటే యంత్రాలు కూర్చడం, బయోస్ మార్చడం, వేగం పెంచడం, యంత్రం ఆగిపోయినవాళ్ళు ఫోన్ చేసి తిడితే పడడం. దాపరికం ఎందుకు, ఈ పని నాకు నేర్పింది జెన్‌లుంగే. బాగా నేర్పాడు. కానీ అతనికి రికార్డు కొట్టడం ఇష్టం, కాచుకుని కూర్చోవడం ఇష్టం లేదు. ఈ పనిలో ముప్పాతిక భాగం కాచుకుని కూర్చోవడమే. ఒక మెట్టు పెంచాలి, పరుగెత్తించాలి, చూస్తూ ఉండాలి, ఆగిపోతే దించాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. అలా ఆ భాగం నా వాటాకొచ్చింది. ముందు కూర్చుని కొనేవాళ్ళకు వివరించే భాగం అతని దగ్గర మిగిలింది.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఏమిటని కొత్తవాళ్ళు అడిగితే జెన్‌లుంగ్ అదేదో కత్తిసాములాగా చెబుతాడు. నేను వ్యాపారిని, నా లెక్క వేరు. ఈ చిప్పు ఇంత వేగంగా పనిచేస్తుందని చెప్పి కంపెనీ అమ్ముతుంది. మనం అదే ధర ఇచ్చి అంతకన్నా ఎక్కువ పిండుకుంటాం. పిండుకోవాలంటే ఇంకాస్త కరెంటు ఇవ్వాలి, వేడి బయటికి పోయే దారి చూడాలి. అవేవీ ఇవ్వకుండా ఇంకా ఇంకా అంటే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎండాకాలంలో అత్తగారు కూడా, “పాపం, దానికి ఇంకో ఫాను పెట్టరా, ఎంత పని చేస్తోందో,” అంటారు.

పాన్ గారి కోసం ఆ యంత్రాన్ని నేనే మెట్టు మెట్టుగా పైకి తెచ్చాను. బాగా నడుస్తోంది. ఇంతలో బోర్డు కంపెనీ కొత్త బయోస్ వదిలింది. కరెంటు రాగానే బోర్డులో అన్నిటికన్నా ముందు లేచి, మిగతావాటిని లేపే ప్రోగ్రాం అది. కొత్తది ఎక్కిస్తే మెమరీ ఇంకా వేగంగా నడుస్తుందట. జెన్‌లుంగ్ ఆగలేకపోయాడు. కొన్నాళ్ళు పోనీ, ఎక్కించుకున్నవాళ్ళు ఏమంటారో విందాం అన్నాను. వినలేదు. ఎక్కించడం మాత్రం సరిగ్గానే ఎక్కించాడు, బోర్డు మీద దీపం మినుకుమంటున్నంతసేపూ స్విచ్చి దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. ఆ తర్వాత, పాత బయోస్ మీద నేను కూర్చిన వేగాలూ వోల్టేజీలూ పెన్‌డ్రైవ్‌లో ఉంటే, వాటినే తెచ్చి కొత్తదాని మీద దించేశాడు. అలా చేయకూడదు, అంకె ఒకటే అయినా కొత్త బయోస్ ఇచ్చే కరెంటు ఒకటే కాదు, మళ్ళీ కింది నుంచి కట్టుకు రావాలి అని చెప్పాను. “ఈ మార్కెట్లో నాకు బయోస్ నేర్పేవాళ్ళు ఇంకా పుట్టలేదు,” అన్నాడు. యంత్రం లేచింది, తెర వెలిగింది. అతను గెలిచినట్టయింది. ఇక మాట్లాడితే నేను సాధిస్తున్నట్టు.

పాన్ గారు మధ్యాహ్నం బెంతో భోజనం డబ్బా చేత్తో పట్టుకునే వచ్చారు. ఆయన తింటూ చూస్తారు, అదే ఆయన పద్ధతి. జెన్‌లుంగ్ పరీక్ష మొదలుపెట్టి, కొత్త బయోస్ గురించి, తన పనితనం గురించి చెప్పసాగాడు. అత్తగారు రోజూలాగే మధ్యాహ్నం బస్సులో వచ్చి కౌంటర్ పక్క కుర్చీలో కూర్చున్నారు. పాన్ గారు డబ్బాలోని వేపుడు చేప ముక్క ఇంకా సగం కూడా తినలేదు, పరీక్ష కోసం పెట్టిన ఆటలో తెర మీద పరుగెత్తుతున్న సైనికుడు ఒక కాలు గాల్లో ఉంచి ఆగిపోయాడు. ఫానులు తిరుగుతున్నాయి. మీటలు ఏవి నొక్కినా ఉలుకు లేదు.

జెన్‌లుంగ్ బోర్డు వంక చూడలేదు. యంత్రం నెత్తిన పాకెట్టు వంక చూశాడు. తీసి తల్లికిచ్చాడు. అత్తగారు కళ్ళజోడు పైకి జరుపుకుని తేదీ చదివారు.

“నిన్నటితోనే గడువు అయిపోయింది.”

అందరూ నా వైపు తిరిగారు.

“ఒక్క పని, హుయ్‌రూ,” అన్నాడు జెన్‌లుంగ్. “నీకు అప్పజెప్పింది ఒకే ఒక్క పని.”

పాన్ గారు చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి నా మీద జాలితో, “తేలిగ్గా తీసుకోవద్దమ్మా. మా కేఫ్‌లో ఈ పాకెట్ల కోసమే ఒక మనిషిని పెట్టాను. జీతమిచ్చి,” అన్నారు.

నేను అత్తగారి వంక చూశాను. “అమ్మా, నిన్న సాయంత్రం మీరు ఇక్కడ కూర్చుని ఉండగానే కొత్తది నేనే పెట్టాను కదా. పాతది చెత్తబుట్టలో వేశాను.”

ఆవిడ ఫాను వంక చూశారు. “ఏమో, నాకేం తెలుసు? గడువు దాటింది మనిషి తినలేడు. యంత్రానికి పళ్ళున్నాయా, దానికి ఏదైతేనేం?”

కొత్తది ఎవరు తిన్నారో, పాతది బుట్టలోంచి నెత్తిమీదికి ఎలా చేరిందో తెలిసిపోయింది. జెన్‌లుంగ్‌కూ తెలిసింది. అతను నవ్వి, “అమ్మ సంగతి తెలుసుగా, నువ్వు చూసుకోవాల్సింది,” అన్నాడు. అత్తగారు తప్పు చేసినట్టు కనబడకుండా పర్సు తీసుకుని కొత్త పాకెట్టు కోసం కిందికి వెళ్ళారు.

నేను యంత్రం ఆపాను. బయోస్‌లోని పాత అంకెలన్నీ చెరిపేసి, కంపెనీ ఇచ్చినట్టు మొదటికి తెచ్చాను. మెమరీ వేగం మునుపటికన్నా ఒక మెట్టు కిందే పెట్టాను, వోల్టేజి నాకు నమ్మకమున్నంత ఇచ్చాను. ఇంకా పైకి పోవాలంటే తీరిగ్గా కూర్చోవాలి, పాన్ గారు అంతసేపు కూర్చోరు. పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాను. సైనికుడు పరుగందుకున్నాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు ఆయాసపడుతూ వచ్చి, కొత్త పాకెట్టు యంత్రం మీద పెట్టి, రెండు చేతులతో సర్దారు.

పాన్ గారి భోజనం అయింది. ఆయన టీ తాగారు. యంత్రం ఆగలేదు.

“చూశారా,” అన్నాడు జెన్‌లుంగ్. “పాకెట్టు మారగానే ఎలా దారికొచ్చిందో.”

పాన్ గారు తలూపారు. అత్తగారు ఇంకా గట్టిగా తలూపారు. నాకు కోపం కూడా రాలేదు, అలసటే వచ్చింది. ఇన్నేళ్ళ మా ఉమ్మడి వ్యాపారం నాకు అక్కడ బల్ల మీద పరిచినట్టు కనబడింది. నష్టమొస్తే నా ఖాతా. లాభమొస్తే చిరుతిండి ఖాతా. ఇలాంటి భాగస్వామిని బయట ఎక్కడైనా చూస్తే నేను మర్నాడే తెగదెంపులు చేసుకుంటాను.

పాన్ గారు లేచి, తీసుకుంటానన్నారు. జెన్‌లుంగ్ మొహం వెలిగింది. తలుపు దాకా వెళ్ళి ఆయన వెనక్కి తిరిగారు. “ఇంతకీ తర్వాత సంగతేమిటి? కొత్త బయోస్‌లు వస్తుంటాయి. ఏదో ఒకటి ఆగుతుంది. ఎవరొస్తారు?”

“దానికేముంది, మా ఆవిడ వస్తుంది,” అన్నాడు జెన్‌లుంగ్. “వారం వారం వచ్చి అన్నీ చూసి పోతుంది. ఊరికేనే లెండి. ఇంటిమనిషే కదా.”

నన్ను అడగలేదు. నా వైపు చూడనైనా లేదు. నడవాకు అటువైపు తూ పిన్ని ఇవాళ పెందలాడే కొట్టు కట్టేయడానికి కేబుళ్ళ కట్టలు లోపల పెట్టుకుని, షట్టరు కొక్కెం చేతిలో పట్టుకుని, ఇటే చూస్తోంది. నేను వేళ్ళకంటిన దుమ్ము గుడ్డతో తుడుచుకున్నాను.

“పాన్ గారూ, ఆ సంగతి ఎదురు కొట్టులో మాట్లాడుకోండి,” అన్నాను.

ఆయన అటు చూశారు. “అక్కడ కేబుళ్ళు కదమ్మా అమ్మేది? అక్కడెవరున్నారు?”

“రేపటి నుంచి నేనుంటాను. అక్కడ ఏ పనీ ఊరికే చేయరు.”