సగం గుండీల చొక్కా

ఆ బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసుల మఠంలో చేరినవాడి పాత బట్టలు పారేయరు. మనసు మారితే తొడుక్కుపోవడానికి అలమరలో దాచి ఉంచుతారు. అలా చేరిన ఓ కుర్రాడు జీవితాంతం ఉండిపోతానని మాటివ్వాల్సిన రోజు దగ్గరపడుతుండగా, అమ్మ టాక్సీ వేసుకుని వచ్చి గేటు దగ్గర కూర్చుంది.

"నువ్వొస్తేగానీ కదలను. మనింట్లో దేవుడు లేడట్రా?"

"సరే, బట్టలు మార్చుకొస్తా," అన్నాడు విసురుగా.

బట్టల గది చూసే ముసలి బ్రదర్ ఎందుకని అడగకుండా ఎర్రగళ్ళ చొక్కా, ప్యాంటు తీసి చేతిలో పెట్టాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఉండమని ఒక్క మాటైనా అనరా?"

"అది నేననే మాట కాదు నాయనా."

ఒంటిమీది సన్యాసి నల్లంగీ విప్పి విసిరికొట్టాడు. చొక్కా గుండీలు సగం పెట్టాడో లేదో, ప్రార్థన గంట మోగింది. గంట వినబడితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి రావాలన్నది అక్కడి కట్టుబాటు.

చాపెల్‌లో నల్లంగీల వరసలో తన చోట నిలబడి కీర్తన అందుకున్నాకగానీ, ఒంటిమీది ఎర్రచొక్కా అతనికి గుర్తు రాలేదు. తలెత్తేసరికి గుమ్మంలో అమ్మ!

అమ్మ ఆ సగం గుండీల వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత, వెతుక్కుంటూ వచ్చిన టాక్సీ అబ్బాయివైపు తిరిగింది.

"నువ్వెళ్ళు బాబూ. ఒక్కదాన్నేగా, బస్సులో పోతాను."