నీడను పట్టిన మిరియం

రండి తల్లీ, ఆ గోడకు ఆనుకున్నోళ్ళు కూడా ఇట్లా ముందుకు జరగండి. నా గొంతు మునుపటంత లేదు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. గండి అంజన్నకు ఒక దండం పెట్టి మొదలుపెడతా. నడుమలో మాత్రం ఎవరూ లేచిపోవద్దు. ఈ కథలో సగానికి లేచినోళ్ళ వెంట భయం ఒక్కటే ఇంటికి వస్తుంది.

సింహాద్రిపురానికి కోసెడు దూరంలో ఒక పల్లె. ఆ పల్లెలో పార్వతమ్మ, పెద్ద రైతుకుటుంబం ఇల్లాలు. భర్త పోయినాడు. పెద్ద కొడుకు నారాయణ ఊరికి ప్రెసిడెంటు. చిన్న కొడుకు ఓబులేసు నోట్లో నాలుక లేనివాడు. పత్తి అమ్ముకొచ్చే పని వానిది. చిన్న కోడలు వనజమ్మ. ఇంక మిరియం.

మిరియం కుక్క. దొర దాన్ని పెప్పర్ అని పిలిచేవాడంట. ఆ మాటకు మిరియమని అర్థం చెబితే మనోళ్ళు ఆ పేరే ఖాయం చేసినారు. పులివెందుల పక్క రాతినార గనిలో మేనేజరు ఆ దొర. తన దేశానికి పోతా పోతా, గనికి బండ్లు తోలించే పార్వతమ్మ భర్త చేతిలో ఆర్నెల్ల పిల్లను పెట్టి పోయినాడు. టెర్రియరు జాతి. ఎత్తు మూరకు తక్కువే, బరువు నాలుగు వీశెలు. ఎండిన సజ్జకంకికి పొగ పట్టినట్టు రంగు. తల నీటికుక్క తల. తోలు మాత్రం అన్న చొక్కా తమ్మునికి తొడిగినంత వదులు. ఎలుక కరిస్తే పళ్ళకు తోలే దొరుకుతుంది గానీ కండ దొరకదు.

ఏడాదికి రెండుసార్లు, బొచ్చు పండినప్పుడు, పార్వతమ్మ పొద్దున్నే పంచలో కాళ్ళు చాపుకొని దాన్ని తొడల నడుమ పెట్టుకునేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగు వెంట్రుకలు పట్టి, పెరిగిన దిక్కుకే లాగేది. పండిన బొచ్చు నొప్పి లేకుండా ఊడొస్తుంది. కత్తెర పెడితే ఆ బొచ్చు దూదైపోయి వాన తాగుతుంది. ఈ విద్య నేర్పింది దొర దగ్గర వంట చేసిన అమీర్ బాషా.

"కొట్టొద్దమ్మా, కట్టెయ్యొద్దు," అని చెప్పినాడు ఆ సాయిబు. "ఇంట్లో మనిషికి దూది. బొరియలో దానికి యముడు. ఒకసారి పడితే మాత్రం లాగేకొద్దీ బిగిస్తుంది. సచ్చినా వదల్దు."

"యాడిదప్పా ఇట్లాంటి జాతి?"

"దొర చెప్తాండ్య. వాళ్ళ దేశంలో రెండు రాజ్యాల నడుమ కొండలుండాయంట. మూడొందలేండ్లు ఒకరి గొడ్లు ఒకరు తోలకపోవడం, ఒకరి ఇండ్లు ఒకరు కాల్చడం, తాతను సంపినోని మనవణ్ణి ఈ తాత మనవడు సంపడం. ఆ కొండల కుక్క ఇది. గొర్రెపిల్లల్ని ఎత్తకపోయే నక్కల వెంట గుర్రాలతో సమంగా పరిగెత్తుతాదంట."

"మన పక్క మనుషుల మాదిరే ఉండారే!"

"అందుకే గదమ్మా, దీనికి ఈ ఊరు కొత్తగా లేదు."

శెనక్కాయల కొట్టంలో ఎలుక లేకుండా చేసింది మిరియం. పార్వతమ్మ భర్త గుండెనొప్పితో పడిపోయిన రోజు ఆయన నీడ అంచును కూడా అది అట్లనే పట్టింది. ప్రాణం పోవాల్సింది పొద్దున. ప్రొద్దుటూరు మార్కెట్టు నుంచి ఓబులేసు వచ్చింది మాపటికి. అంతవరకు మిరియం నీడను నోట కరుచుకొని నేలకు అంటుకొని పండుకుంది, ఆయనా ఉన్నాడు. కొడుకు వచ్చి చెయ్యి పట్టుకున్నాక అది నోరు తెరిచింది, ఆయన పోయినాడు. ఊళ్ళో ఎవరూ ఇదేం వింత అనలేదు. "మంచి కుక్క. ఆఖరి చూపు దక్కించింది," అన్నారు. ఆ తర్వాత ఎవరింట్లో ముసలోళ్ళు ఎగశ్వాస పెట్టినా, దూరాన ఉన్న బిడ్డలు వచ్చేదాకా మిరియాన్ని పంపమ్మా అని అడిగి తీసుకపోయేవాళ్ళు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక గట్టిగా కూర్చోండి.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు, మార్గశిరం. పంచాయతీ ఎలక్షన్లప్పటి నుంచి ఊరు రెండుగా చీలింది. నారాయణ గెలిచినాడు, ఎగువ వీధోళ్ళు ఓడిపోయినారు. వనజమ్మ అన్న గుర్రప్ప కూడా ఎగువ వీధోళ్ళతోనే కలిసినాడు. అయినా బంధుత్వం బంధుత్వమే. పండగకు వస్తాడు, పార్వతమ్మను అత్తా అని పిలుస్తాడు.

ఆ రోజు ఓబులేసు ప్రొద్దుటూరులో పత్తి అమ్మి, ముద్దనూరు మీదుగా వచ్చే బస్సు దిగి, మసక చీకట్లో ఊరి దోవ పట్టినాడు. చలికని అన్న కోటు తొడుక్కొని ఉన్నాడు. వంక దగ్గర ఎవరో వెనకనుంచి కత్తితో కొట్టినారు. గొడ్లు తోలుకొచ్చేవాళ్ళు చూసి మంచం మీద మోసుకొచ్చేసరికి డొక్క తెగి ఉంది. వాకిట్లో మంచం దించీ దించకముందే మిరియం మంచం కిందికి దూరింది. లాంతరు వెలుగులో పడిన నీడను పట్టింది.

నారాయణ కొడవలి తీసుకొని ఎగువ వీధికి బయలుదేరినోడు, అది చూసి ఆగినాడు.

"పట్టింది గదా," అన్నాడు. "అయితే వాడే చెప్తాడు. పేరు చెప్పినాక పోతా."

జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకపోదామన్నారు కొందరు. మనిషిని కదిలిస్తే కుక్క నోట్లో నీడ చినుగుతుందని పెద్దోళ్ళు వద్దన్నారు. డాక్టరునే పిలిపించినారు. ఆయన చూసి, కట్టు కట్టి, చేతులు కడుక్కుంటా, "ఈ మనిషి నిన్ననే పోవాల్సిందప్పా. ఆ కుక్కను అదిలించొద్దు. నేను చేసేది ఏమీ లేదు," అని పోయినాడు. ఎస్సై వచ్చి మంచం కిందికి వంగి చూసి, "అట్లయితే తొందర లేదు," అని మజ్జిగ తాగినాడు. రెండోనాడు మేజిస్ట్రేటు మరణ వాంగ్మూలం రాసుకోను వచ్చి, కాగితం తీసి, ఎవరు కొట్టినారని అడిగినాడు.

"సీకటి సార్," అన్నాడు ఓబులేసు. "నాకు కనపళ్ళేదు."

చెప్పేటప్పుడు వాని కండ్లు అన్న మొగం మీద లేవు. దాంతో వానికి తెలుసని ఇల్లంతటికీ తెలిసింది.

అక్కణ్ణించి మొదలైంది నరకం. రాత్రి నీడ చెదిరిపోకుండా నారాయణ పెట్రోమాక్సు లైటు తెచ్చి తెల్లార్లూ వెలిగించినాడు. పగలు మంచం తలాపున కూర్చొని అదే మాట.

"ఎవురు రా?"

"నీళ్ళు, అన్నా."

"పేరు చెప్పు, ఇస్తా."

పార్వతమ్మ తడిగుడ్డతో కొడుకు పెదాలు తుడిచేది. అదే గుడ్డతో కిందికి వంగి కుక్క మూతి తడిపేది. పుండు చీము పట్టింది. వాసనకు చుట్టాలు వాకిట్లోనుంచే పలకరించి పోతాండ్రు. కుక్క డొక్కలు లోపలికి పోయినాయి. దాని దవడలు వణుకుతాండాయి గానీ వదల్లేదు. తండ్రప్పుడు కొడుకు రాంగానే వదిలింది. ఇప్పుడు అందరూ వచ్చినారు, ఇంకెవరి కోసం? పేరు కోసమే పట్టుకొని ఉందని ఊరంతా అనుకుంది. పార్వతమ్మా అనుకుంది. నా కొడుకు ఇంకా ఉన్నాడు గదా, అనుకుంది. ఆ ఆశ దగ్గర ఆమెకు వాని మూలుగు కూడా తీపైంది. తల్లులకు ఆ పాపం ఉంటుంది; దేవుడు క్షమిస్తాడు.

నాలుగోనాడు నారాయణ అమీర్ బాషాను పిలిపించినాడు.

"ఏం పెడితే ఇది ఇంకో నాలుగు దినాలు పట్టుకుంటాది, సాయిబూ?"

అమీర్ బాషా మంచం కిందికి వంగి చూసినాడు. "విడిపించమని పిలిచినారనుకున్యా అప్పా," అన్నాడు. పోతాపోతా వంటింటి గడప దగ్గర ఆగినాడు. "అమ్మా, అది పేరు కోసం పట్టుకోలేదు. పేరడిగే ఆయప్ప దిక్కే సూడ్డంల్యా. సూపంతా మీ మీదనే ఉండాది. మీరు సాలు అనేదాంకా పట్టుకుంటాది."

పార్వతమ్మ పొయ్యి ముందర కూర్చుండిపోయింది.

ఆరోనాడు మధ్యాన్నం నారాయణ స్నానానికి బావికాడికి పోయినాడు. ఓబులేసు వేలు కదిలించి తల్లిని దగ్గరికి రమ్మన్నాడు.

"మా... గుర్రప్ప."

ఆమె చెవి వాని నోటికి ఆనించింది.

"నన్నని గాదు మా. అన్న కోటు జూసి కొట్నాడు. తిప్పి మొగం జూసి, 'అయ్యో బావా' అని ఏడ్సినాడు. అన్నకు చెప్తే... వానితో ఆగదు మా. వనజకు నేనూ ఉండను, వాడూ ఉండడు." ఊపిరి అందలేదు. కాసేపటికి, "వదిలిపీ మా. శానా నొస్తాంది," అన్నాడు.

పార్వతమ్మ ఎవరి ముందరా వంగి ఎరగని మనిషి. కొంగు నడుముకు దోపుకొని, బోర్లా పండుకొని, ఆ చీము వాసనలో మంచం కిందికి పాకింది. మిరియం పక్కన చెంప నేలకానించి పండుకుంది. దాన్ని లాగలేదు, దవడ ముట్టుకోలేదు. ఎప్పుడూ బొచ్చు పీకేటప్పుడు పెట్టినట్టే మెడ మీద చెయ్యి పెట్టింది.

"సాలు తల్లీ."

కుక్క ఆమె కండ్లలోకి చూసింది. నోరు తెరిచింది. పైన మంచం మీద ప్రాణదీపం కొండెక్కింది.

నారాయణ తడిగుడ్డలతో పరిగెత్తుకొచ్చినాడు.

"ఏం చెప్పినాడు?"

"ఏమీ చెప్పల్యా."

"అబద్ధం చెప్తాండావు మా."

"అవును. చెప్తాండా," అనింది పార్వతమ్మ. "ఇంక అడగాకు."

పదకొండోనాడు దినం పెట్టినారు. బంధువులంతా వచ్చినారు. రాకపోతే తప్పు పట్టేది ఊరు, కాబట్టి గుర్రప్పా వచ్చినాడు. చప్పరం చాలక అతని ఆకు ఎండలో పడింది. పార్వతమ్మే వడ్డిస్తాంది. అతని ఆకు ముందర వంగి అన్నం పెట్టింది. అతను తల ఎత్తలేదు. ఎదురుగా గడప మీద నారాయణ నిలబడి అతన్నే చూస్తాండాడు. చచ్చినోడు తొడుక్కున్న కోటు తనదని నారాయణకు తెలుసు. బావ దినంలో ఒక్క ముద్ద కూడా కలపని గుర్రప్ప ఆకూ కనపడింది. ఆ రెండూ కలిపి చూసుకుంటే పేరు దొరికింది.

అప్పుడు మిరియం లేచింది. పదకొండు దినాలుగా మూల వదలనిది, ఎముకలగూడు మాదిరి నడుచుకుంటా పంక్తి దాటి వచ్చి, గుర్రప్ప నీడ అంచును కరిచి నేలకు అంటుకొని పండుకుంది.

పంక్తిలో చేతులన్నీ ఆగినాయి. దుక్కలాంటి మనిషి, జరం లేదు, దగ్గు లేదు. మిరియం పొయ్యేవాళ్ళ నీడనే పడుతుంది. గుర్రప్ప తన నీడను చూసుకున్నాడు.

పార్వతమ్మ తిరిగి గడప దిక్కు చూసింది. నారాయణ కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది.

అరిచిందా? అరవలేదు. వద్దు నాయనా అని కాళ్ళు పట్టుకుందా? పట్టుకోలేదు. అన్నం గంప దించి, గుర్రప్పకూ గడపకూ నడుమ, మగోళ్ళ పంక్తిలో, కటిక నేల మీద కూర్చుంది. ఆ ఇంట్లో ఏ ఆడది అట్లా కూర్చోలేదు. గరిటెతో ఇంకోసారి అన్నం తీసి అతని ఆకులో పెట్టింది.

"తిను నాయనా," అనింది.

"అత్తా..." అన్నాడు గుర్రప్ప.

"తిను. నేనుండా."

అందరూ చేతులు కడుక్కొని లేచిపోయినారు. ఆమె లేవలేదు. ఆకు వాడింది. అన్నం ఎండి మెతుకు మెతుకు విడిపోయింది. నారాయణ గడప దిగలేదు, లోపలికీ పోలేదు. తల్లి అతన్ని చూస్తా కూర్చుంది. ఎండ ప్రహరీ గోడ ఎక్కేవేళకు, తువ్వాలు కిందనుంచి కొడవలి గడప మీద పడిన చప్పుడు వినిపించింది. నారాయణ ఎర్రగుంట్ల దోవ పట్టి, రైలెక్కి పోయినాడు. తల్లి పోయినప్పుడు కూడా రాలేదు. ఆమె ఇద్దరు కొడుకుల్నీ ఆ నెలలోనే పోగొట్టుకుంది. అది నేను దాచను.

రైలుకు పోయే మనిషి అడుగుల చప్పుడు వినపడకుండా పోయినాక మిరియం నోరు తెరిచింది. గుర్రప్ప లేచి ఇంటికి పోయినాడు.

అతను మంచోడైనాడా అంటారా? నాకు తెలీదు తల్లీ. ముసలోడయ్యేదాకా బతికినాడు, వనజమ్మకు ఏడాదికొక చీర పంపినాడు, అంతే తెలుసు. ఆ ఊళ్ళో ఆ ఏడు ఇంకొక పీనుగు లేవలేదు. మీరు ఇండ్లకు పోయినాక కుక్కను మరిచిపోండి, దొరను మరిచిపోండి, నన్నూ మరిచిపోండి. కొడుకును చంపినోని ఆకు పక్కన ఆ తల్లి కూర్చుంది, ఎండ గోడెక్కేదాకా కూర్చుంది. ఆ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. తెల్లారి లేవంగానే, కోపంతో కొడవలి వెతికేవాడు ఎవడన్నా మీ ఇంట్లో ఉంటే, వానికి చెప్పండి.