మంచినీళ్ళేనా, మామ్మా?

యానాం ఫరంపేటలో బుల్లెమ్మ ఇంటికొచ్చి ఎవడైనా మంచినీళ్ళు ముట్టకుండా వెళ్ళాడంటే వాడికి ఆవిడతో తగువున్నట్టే. లేకపోతే ఆ క్షణాన్నించీ ఉన్నట్టే.

అందుకే ఆ పొద్దున లూయిస్ గ్లాసు చేత్తో పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయేసరికి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

లూయిస్ రీయూనియన్ దీవి నుంచి వచ్చాడు. వాళ్ళ పూర్వీకుడెవరో యానాంలో ఓడెక్కి అక్కడి చెరుకుతోటల్లో పనికి పోయాడు. బుల్లెమ్మ పెనిమిటిది కూడా ఆ ఇంటి వంశమే. వరస కలిపితే మనవడు. ఇన్ని తరాలకి తిరిగొచ్చినవాడు తన చేతి నీళ్ళు తాగాలి. ఆవిడ కోరిక అంతే.

"మామ్మా..." లూయిస్ ఫోనులో నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్లో రెండు వెతుక్కున్నాడు. "నీళ్ళు... మంచి?"

"మంచినీళ్ళే నాయనా! ఉప్పు చుక్కన్నా లేదు. బోరు నీళ్ళనుకున్నావా ఏంటి? అదిగో, కుళాయి!"

సముద్రం పక్కన బతికేవాళ్ళకి మంచినీళ్ళంటే ఉప్పగా లేని నీళ్ళు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆవిడ వేలు చూపించిన కుళాయి చూడగానే లూయిస్ గ్లాసు మెల్లిగా అరుగు మీద పెట్టేసి, సంచీలోంచి సీసా తీశాడు.

బుల్లెమ్మకి ఒళ్ళు మండింది. "ఏమే సౌజన్యా! ఈ కుళాయి కోసం ఖాళీ బిందెలేసుకుని నడిరోడ్డు మీద కూచున్నాను. ఎండకి మాడాను, పోలీసోళ్ళతో తిట్లు తిన్నాను. ఈయనగారు సీసా తీస్తాడా?"

కోడలు సౌజన్య ఇంగ్లీషులో లూయిస్‌ని కదిపి చూసి, నవ్వు ఆపుకుంది. "ఉప్పు గురించి కాదండీ అత్తయ్యా. పరాయి దేశంలో కుళాయి నీళ్ళు తాగితే కడుపు పాడవుద్దేమో అని అడుగుతున్నాడు. వాళ్ళ డాక్టరు తాగొద్దన్నాడంట."

"అలా అడిగి ఏడవొచ్చుగా! మనం తాగట్లేదా? నాకేమయింది?"

"మీకేం కాలేదు. పోయిన వారం మంచమెక్కింది నేను."

బుల్లెమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. సందు మొదట్లో పైపు పగిలి, పక్కనున్న మురుగు దాంట్లో కలుస్తోందని నీళ్ళ ఆఫీసుకెళ్ళి గోల చేసి వచ్చింది తనే. పచ్చటి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి బల్ల మీద టకీమని పెట్టి, "ఇవి మీ పిల్లలకి పోస్తారా?" అని అరిచింది. ఇప్పుడా నీళ్ళే మనవడి చేతికిచ్చి తాగమంటోంది. కుళాయి తను సాధించింది కాబట్టి అందులో వచ్చేదంతా అమృతమనుకుంది.

ఉన్నట్టుండి పకపకా నవ్వేసింది. "తాగకు నాయనా! గ్లాసు ఇలా తే."

"టిన్ను నీళ్ళు తెప్పించనా?" అంది సౌజన్య.

"నా గుమ్మంలోకి టిన్నా? పైపు బాగుచేయించలేక నీళ్ళు కొనుక్కున్నామంటే ఆ ఆఫీసోళ్ళకి ఇంకేం కావాలి? పొయ్యి వెలిగించు."

గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నా ఆవిడ పొయ్యి దగ్గర్నించి కదల్లేదు. ఇంకాస్త మరగనిచ్చింది. అందులో కొన్ని నీళ్ళతోనే రెండు గ్లాసులూ తొలిచి, కాఫీ తిరగబోసినట్టు ఇందులోంచి అందులోకి పోసి చల్లార్చింది. లూయిస్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మొదటి గ్లాసు సౌజన్య చేతిలో పెట్టింది. "నువ్వు తాగవే. ఇంక రోజూ కాచే తాగుదాం, పైపు బాగయ్యేదాకా."

రెండోది లూయిస్‌కిచ్చింది. వాడు సీసా సంచీలో పెట్టేసి, గోరువెచ్చటి నీళ్ళు గటగటా తాగి, గ్లాసు మళ్ళీ చాపాడు.

"మామ్మా," అన్నాడు పెదాలు తుడుచుకుంటూ, "ఉప్పు లేదు!"

బుల్లెమ్మ మురిసిపోయింది. "రేపు నేను మళ్ళీ ఆఫీసుకి పోతున్నాను. రెండో బిందె వీడు మొయ్యాలని చెప్పవే."

సౌజన్య చెప్పింది. లూయిస్ కంగారుగా ఏదో అడిగాడు.

"బరువా అంటున్నాడు అత్తయ్యా."

"ఖాళీదేరా అబ్బాయ్! నిండా ఉంటే ఆఫీసుకి పోడం దేనికి?"