బెర్తుల వెనక గోడ

క్లైవ్ ఆర్మరాడ్ తనను నిండా ముంచాడని గారెత్ ఇప్పటికీ పబ్బులో కనబడినవాడికల్లా చెబుతాడు. పిల్లలతో సెలవులకు తిరగాలని, మూడేళ్లు దాచిన డబ్బుతో క్లైవ్ దగ్గర, కారు వెనక తగిలించుకు తిరిగే చక్రాల ఇల్లు, ఓ పాత కారవాన్ కొన్నాడు. కొనేముందు, తనంత తెలిసినవాడు లాంకషైర్‌లోనే లేడన్నట్టు గోడలన్నీ నొక్కి చెమ్మ చూశాడు. వెనక బిగించిన బెర్తుల దగ్గర మాత్రం పిల్లలిద్దరూ పై బెర్తు కోసం కొట్టుకుంటున్నారు.

“దిగండర్రా, ఆ గోడ చూడాలి.”

“పసివాళ్లను వదిలెయ్యవయ్యా! రా, టీ తాగుదాం,” అన్నాడు క్లైవ్.

టీ అనగానే గారెత్ వెళ్లిపోయాడు.

మొదటి వానకే పరుపు వెనక గోడ నానిన బిస్కెట్టులా వేలికి ఊడివచ్చింది.

“అన్నీ నొక్కావుగా, మహానుభావా!” అంది భార్య షీలా.

చివరికి తుక్కువాడు ఆ కారవాన్‌ను ఊరికే లాక్కుపోయాడు. గారెత్‌కు పోయింది అక్షరాలా నాలుగువేల రెండొందల పౌండ్లు.