ఆయమ్మ లేని బొమ్మ

చల్లపల్లి దగ్గర ఒక ఊరి అంగన్‌వాడీలో పద్దెనిమిదేళ్లుగా ఆయాగా ఉంటున్న దుర్గకి, ఆ రోజు తన పిల్లల మధ్య తనకే చోటు లేకుండా పోయింది. బందరు నుంచి సుష్మిత అనే పాతికేళ్ల పిల్ల రంగు పెన్సిళ్ల డబ్బాతో బస్సు దిగింది. బడి ఎలా ఉందో పిల్లల చేత బొమ్మలేయించి తెలుసుకుంటుందట.

"నోరుందిగా, అడిగితే చెప్పరూ?" అంది దుర్గ.

"అడిగితే మనకి నచ్చేదే చెప్తారండీ. బొమ్మేసి వాళ్లంతట వాళ్లు చెబితే వేరు. ఆ మాటల్ని వెనకాల రాసుకుంటాను. ఒకటేనండీ, వాళ్ల కాగితం మీద మనం చెయ్యి పెట్టకూడదు."

దుర్గ మూతి ముడుచుకుని వంటగదిలోకి పోయింది. అక్కణ్ణుంచి చూస్తే యశస్విని సుష్మిత ఒళ్లో కూర్చునుంది. రోజూ వాళ్లమ్మ గేటు దగ్గర దింపి వెళ్లగానే దుర్గ కుచ్చిళ్లలో మొహం దాచుకుని ఏడ్చే పిల్ల! జూన్ వస్తే ఇదీ ఒకటో తరగతికి వెళ్లిపోతుంది. నిరుడు వెళ్లిన లోహిత్ మొన్న రోడ్డు మీద కనబడి, తనని గుర్తుపట్టక వాళ్లమ్మ వెనకాల నక్కాడు. ఆ పూట దుర్గకి ముద్ద దిగలేదు.

బొమ్మలయ్యాక సుష్మిత పిల్లల్ని చేతులు కడిగించడానికి తీసుకెళ్లగానే దుర్గ కాగితాలు తిరగేసింది. యశస్విని బొమ్మలో ఫ్యానుంది, పలక ఉంది, గుండ్రటి కళ్లజోడుతో సుష్మిత కూడా ఉంది. పొద్దున వచ్చిన మనిషి! పక్కన పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ రంగు రుద్ది ఉంది. దుర్గ ఎక్కడా లేదు.

దుర్గ ఆ కాగితాన్ని నేల మీద పరిచింది. నల్ల పెన్సిలు తీసి ఆ పచ్చరంగు మీదే తల, కొప్పు, రెండు చేతులు గీసింది. ముగ్గు తప్ప మరొకటి గీసెరగని చెయ్యి. తల గుమ్మడికాయలా వచ్చింది.

అన్నాలయ్యాక సుష్మిత యశస్వినిని దగ్గరికి పిలిచి, "నీ బొమ్మ సంగతి చెప్పు బుజ్జీ" అంది.

"ఇది ఫ్యాను. ఇది నువ్వు. ఇవాళేగా వచ్చావు, అందుకే చిన్నగా వేశా." వేలు పచ్చరంగు దగ్గరికొచ్చి ఆగింది. పెదవి వణికింది. "ఆయమ్మ మీద ఎవరో పిచ్చిగీతలు గీసేశారు!"

"ఆయమ్మ ఎక్కడుంది?" అంది సుష్మిత.

"ఇదంతా ఆయమ్మే. అమ్మ వెళ్లిపోతే పట్టుకుంటాగా."

దుర్గ తల వంచి, నలిగిన తన ఆకుపచ్చ చీర కుచ్చిళ్లు చూసుకుంది.

"గీసింది నేనేనమ్మా" అంది సుష్మితతో. "ఇది పాడైపోయిందిగా, నాకిచ్చెయ్యండి."

"అడగాల్సింది నన్ను కాదండీ."

దుర్గ యశస్విని ముందు చతికిలబడింది. "బంగారూ, ఈ బొమ్మ నాకిస్తావా?"

పిల్ల కళ్లు తుడుచుకుని ఆలోచించింది. "ఆ గుమ్మడికాయ తీసేస్తే ఇస్తా."

దుర్గ రబ్బరు అందుకుంది. తల, కొప్పు, చేతులు, ఒక్కొక్కటే మెల్లిగా చెరపడం మొదలుపెట్టింది, అడుగున పచ్చరంగు పోతుందేమోనని ఊపిరి బిగబట్టి.