ముగ్గురికి సరిపోయే బండి

తిమ్మాజిపేటలో నిరంజన్ టెంట్ హౌస్ అంటే తెలియనివాళ్లు లేరు. పెళ్లయినా, చావయినా, ఓట్ల మీటింగయినా షామియానా అతనిదే, గిన్నెలూ అతనివే. సామాను వెంట భార్య సుమన కూడా వెళ్లాల్సిందే. వంటవాళ్లకు డేగిసాలు అప్పజెప్పడం, కనిపించకుండా పోయిన గరిటెలు వెతికించడం, వడ్డించేవాళ్లు తక్కువైతే తనే బకెట్టు పట్టుకోవడం ఆమె పని. ఊళ్లో ఎవరి పెళ్లిలోనూ ఆమె పంక్తిలో కూర్చుని నిదానంగా తినగా చూసినవాళ్లు లేరు.

అలాంటి మనిషి ఒకరోజు నోరు తెరిచి ఒకటి అడిగింది. గద్వాలలో కంపెనీల తరఫున రైతులతో విత్తనాల పత్తి వేయించే ఆర్గనైజరు ఒకాయన తన పాత జీపు అమ్ముతున్నాడని నిరంజన్ అన్నం తింటూ చెప్పాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి, ఇసుకలోనూ బురదలోనూ ఆగదు, సామాన్లకు బాగా పనికొస్తుందని అతని ఆలోచన. సుమన కూర వడ్డించబోతూ ఆగింది.

"గా బండిల సామాను ఎయ్యకు," అంది. "మన ముగ్గురం పోదాం. సోమశిల కాడ కృష్ణ ఒడ్డుకు. ఒక్క రాత్రి ఆడనే పండుకుందాం. ఎవ్వరికీ వడ్డించేది ఉండొద్దు. నేను నీళ్లు సూసుకుంట కూసుంట, అంతే."

ముగ్గురంటే వాళ్లిద్దరూ, ఇంటర్ చదివే కూతురు నిరోష.

నిరంజన్ మురిసిపోయాడు. పెళ్లాం ఇన్నేళ్లకు ఒకటి అడిగితే మురిసిపోని మగాడెవడు? బండి తెచ్చాడు. వెనక సీట్లు పీకించి, ఆ చోట ప్లైవుడ్ పెట్టె చేయించాడు. పెట్టె లోపల సామాను, పైన పరుపు. పరుపు కొలత సుమనే టేపు పట్టి చూసింది, అటు తిరిగీ ఇటు తిరిగీ పడుకుని మరీ చూసింది. కిటికీలకు పరదాల గుడ్డ వనపర్తి దాకా పోయి ఏరుకొచ్చింది. నీళ్ల క్యానుకు నల్లా, పక్కకు లాగితే నీడనిచ్చే చిన్న పందిరి, టీ పెట్టుకునేంత పొయ్యి. నిరోష ఫోన్లో ఎవరెవరివో ఇలాంటి బండ్లు చూపించేది, తల్లీకూతుళ్లు వాటికి వంకలు పెట్టి నవ్వుకునేవారు. ఇంట్లో సుమన అంత హుషారుగా తిరగడం నిరంజన్‌కు కొత్త.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

కానీ టెంట్ హౌస్ మనిషికి ఒక రోగం ఉంటుంది. పందిరి వేశాక దాని కింద జనం లేకపోతే అతనికి తోచదు. ఖాళీ షామియానా చూస్తే ఏదో కీడు జరిగి అందరూ లేచిపోయినట్టు ఉంటుంది. నిరంజన్ తండ్రి అయితే షామియానా నిలబెట్టాక దారిన పోయేవాణ్ణయినా పిలిచి, ఒక చాయ్ తాగించందే తాళ్లు విప్పనిచ్చేవాడు కాదు. ఆ తండ్రికి ఈ కొడుకు. బండి పక్కన చిన్న పందిరి లాగి చూసుకున్న ప్రతిసారీ, ఎవరన్నా వస్తే ఎట్లా అనే దిగులు పట్టుకుంది. పందిరికి తన దుకాణంలోని షామియానా గుడ్డ అతికించి పొడుగు చేశాడు. చిన్న పొయ్యి తీసేసి పెళ్లిళ్ల పొయ్యి బిగించాడు. పెద్ద పొయ్యికి పెద్ద డేగిసా కావాలి, డేగిసాకు తగ్గ పళ్లేలు కావాలి. అన్నీ ఎక్కాక పరుపు దిగి ఇంట్లోకి వెళ్లింది.

ఇంత పొయ్యి ఎందుకని సుమన ఒకసారి అడిగింది. ఉంటే మంచిదే కదా అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఒప్పుకుందనుకున్నాడు. అంత తెలివి మనవాడిది.

పొయ్యి చూసి పక్క దుకాణం రాఘవేందర్ మేమూ వస్తామన్నాడు. పాన్‌గల్‌లో ఉండే చెల్లెలికి నిరంజన్ తనే ఫోను చేశాడు. బయల్దేరే రోజున జీపు వెనక రెండు కార్లు కదిలాయి. వెనక చోటు చాలక సుమన ముందు సీట్లో ఉల్లిగడ్డల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సోమశిలలో బండి ముఖం నీళ్లవైపు పెడితే ఫోటోలు బాగా వస్తాయని రాఘవేందర్ అంటే, నిరంజన్ అలాగే పెట్టాడు. వంట సామానంతా వెనక తలుపు దగ్గర. అక్కడ నిలబడితే ఎదురుగా కనిపించేవి పళ్లేలూ డేగిసాలే, నీళ్లకు బండి అడ్డం. సుమన అక్కడే నిలబడి బగారన్నం, మటన్ వండింది. అందరూ ఒడ్డున కూర్చున్నారు. నిరంజన్ బకెట్టు పట్టుకుని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వాళ్ల మధ్య తిరిగాడు. అందరూ బండిని మెచ్చుకున్నారు, వంటను ఇంకా మెచ్చుకున్నారు. పొద్దు గుంకేటప్పుడు నీళ్లన్నీ ఎర్రబడితే, వచ్చి చూడమని భార్యను కేకేశాడు. రెండో వాయి అన్నం అడుగంటుతుందని బదులొచ్చింది. సరే అనుకున్నాడు. ఆమె గిన్నెలు తోమి తలెత్తేసరికి చీకటి పడింది. పడుకోవడానికి పరుపు లేదు గనక అందరూ అప్పుడే తిరుగుముఖం పట్టారు.

కొల్లాపూర్ దాటాక వెనక గిన్నెల మధ్య ఇరుక్కుని కూర్చున్న నిరోష మెల్లగా అంది: "నాయినా, అమ్మ నీళ్లు సూడనేలే."

నిరంజన్ పక్కకు చూశాడు. "పోనియ్ తియ్," అంది సుమన. ఉల్లిగడ్డల సంచి ఇప్పుడు ఖాళీ, అయినా ఒళ్లోనే ఉంది. ఆ మాట విన్నాక అతనికి సిగ్గేసింది.

ఆ తర్వాత పెళ్లిళ్ల సీజను మీద పడింది. సీజను పోగానే నిరంజన్ ఎవరికీ చెప్పకుండా బండి పని మీద కూర్చున్నాడు. పెళ్లిళ్ల పొయ్యి పీకేసి చిన్నది పెట్టాడు. షామియానా గుడ్డ కత్తిరించాడు. పరుపు ఎండలో వేసి తెచ్చి పరిచాడు, ఆమె తెచ్చిన గుడ్డతో పరదాలు తనే కుట్టాడు, వంకరగానే వచ్చాయి. అంతా అయ్యాక సుమనను పిలిచి వెనక తలుపు తీశాడు.

"ఈసారి ముగ్గురమే. ఎవ్వరికి చెప్పలే. రేపే పోదాం."

ఆమె పరుపు మీద చెయ్యి పెట్టి చూసింది. పరదా కుట్టు చూసి చిన్నగా నవ్వింది కూడా.

"మంచిగ జేసినవ్," అంది. "కని నాకు పోబుద్ధి అయితలేదు."

"కోపమొచ్చిందా?"

"కోపమేంది? కోపం లేదు. గప్పుడు మస్తు పోవాల్ననిపించింది. గిప్పుడు అనిపిస్తలేదు, అంతే."

ఆ గొంతులో అలక వెతికాడు నిరంజన్. దొరకలేదు. అలిగి ఉంటే బతిమాలేవాడు, కాళ్లయినా పట్టుకునేవాడు. ఇంత కాలంలో ఆమెకు పుట్టిన ఒకే ఒక్క కోరికను తన చేతులతోనే, అదీ మర్యాద కోసం, ఊళ్లోవాళ్లకు వడ్డించేశాడు. ఇక అది ఆమె దగ్గర కూడా లేదు.

సుమన అతని ముఖం చూసి జాలిపడింది.

"నువ్వు, బిడ్డ పోయిరాండ్రి," అంది లోపలికి నడుస్తూ. "దారిల తిననీకి కట్టిస్త. పులిహోర జెయ్యాల్నా, చపాతీలు జెయ్యాల్నా?"